గుక్క పట్టేస్తాడన్న భయంతో బుడ్డోడు ఏది అడిగితే అది ఇచ్చేస్తున్నాం, ఏం చెయ్యాలి?

కాలవగట్టు అమ్మ:

అందరికీ నమస్తే అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. బాబుకి రెండేళ్ళ నాలుగు నెలలు. మావారు కువైట్‌లో ఉంటారు, ఇంట్లో నేను, అత్తగారు, మావయ్యగారు, వీడు. పోస్టు కొంచెం పెద్దదవుద్ది, ఓపిగ్గా చదవండి ప్లీజ్, వాడు పడుకున్నాక అర్ధరాత్రి కూర్చుని టైప్ చేస్తున్నా.

వీడి పేచీతో వేగలేకపోతున్నా అండి. ఏదైనా వద్దంటే ముందు కింద పడి దొర్లుతాడు, ఎత్తుకోబోతే కొరుకుతాడు, నా భుజం మీద పళ్ళ గాట్లు ఇంకా మానలేదు. అక్కడితో ఆగితే ఏదోలా పడేదాన్ని. ఏడ్చి ఏడ్చి గుక్క పట్టేస్తాడు. నోరు తెరిచే ఉంటుంది, శబ్దం రాదు, పెదాలు నీలంగా అయిపోతాయి, ఒళ్ళు ఒకసారి బిగుసుకుని తర్వాత చేతుల్లో వేలాడిపోతాడు. మొదటిసారి కనుమ రోజు జగ్గన్నతోట తీర్థంలో జరిగింది, బూర కొనలేదని. ఆ జనంలో ఎవరో మొహం మీద నీళ్ళు కొట్టారు, ఎవరో ఉల్లిపాయ చిదిమి వాసన చూపించమన్నారు, అత్తగారు ఒకటే ఏడుపు. అర నిమిషం కూడా అయ్యుండదు వాడు మళ్ళీ ఊపిరి తీసుకోడానికి, నాకు మాత్రం ప్రాణం పోయి వచ్చింది. వెంటనే మావయ్యగారు వెళ్ళి మూడు బూరలు కొనుక్కొచ్చారు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే రూలు, బాబుని ఏడిపించకూడదు. ఫోన్ అడిగితే ఫోన్, బిస్కెట్ అడిగితే బిస్కెట్, అన్నం ముందు పాలసీసా అడిగితే సీసా. నేను కాదంటే "బిడ్డ కంటే నీకు పంతం ఎక్కువైందా అమ్మాయ్" అంటారు అత్తగారు. ఇప్పటికి నాలుగుసార్లు గుక్క పట్టాడు.

ఇవన్నీ ఒకెత్తు, కాలవ ఒకెత్తు. మా ఇల్లు పంట కాలవ గట్టు మీదే. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు మావయ్యగారు రోజూ సాయంత్రం వీణ్ణి ఎండిపోయిన కాలవలోకి దింపి ఆడించేవారు, కొబ్బరి చిప్పతో ఇసుక పోసుకుని గంటసేపు కిక్కురుమనకుండా ఆడేవాడు. జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలారు, ఇప్పుడు నిండుగా పారుతోంది. వాడి లెక్కలో మాత్రం అది ఇంకా ఇసక్కాలవే. వీధి తలుపు కొంచెం తెరిచి ఉంటే చాలు "తాత ఇసుక, తాత ఇసుక" అంటూ పరుగు. మొన్న రేవు మెట్ల దాకా వెళ్ళిపోయాడు, బట్టలుతుకుతున్న పక్కింటి పిన్నిగారు చూసి రెక్క పట్టుకుని ఆపారు. ఆపినందుకు ఆవిణ్ణి కొరికాడు.

రాత్రి నాన్న కాల్ వచ్చేదాకా పడుకోడు, పదకొండవుతుంది. కాల్ కట్ చేస్తే మళ్ళీ మొదలు.

నాకు తెలియాల్సింది ఏంటంటే ఈ గుక్క వాడు కావాలని పడుతున్నాడా, జబ్బా? కొట్టాలా, వదిలెయ్యాలా? అత్తగారు తాయెత్తు కట్టిద్దాం అంటున్నారు, కట్టించండి నేనేం కాదన్ను, కానీ అదొక్కటే సరిపోతుందా అని.

రాజోలు కుర్రోడు:

ఒక్కటి తగిలించండే. మా అమ్మ మాకు కొబ్బరి మట్టతో ఇచ్చేది, ఆయ్, మేం బానే ఉన్నాం కదా.

పాలకొల్లు పిన్ని:

నువ్వు బాగున్నావో లేదో నిన్ను కాదు బాబూ, మీ ఆవిణ్ణి అడగాలి.

అమ్మా, ఆ పిల్లాడు అసలే ఊపిరి ఆగేలా ఏడుస్తున్నాడు, పైన దెబ్బ కూడా వేస్తే ఏమవుద్ది, ఇంకా ఏడుస్తాడు. కొరికినందుకు మనం తిరిగి కొరకడం, కొట్టినందుకు మనం కొట్టడం, ఇవన్నీ మా పెద్దోడి మీద చేసి చూసినదాన్నే, వాడు నేర్చుకుంది ఒకటే, బలం ఉన్నోడు కొట్టొచ్చని, వెళ్ళి చెల్లిని కొట్టేవాడు. మిగతాది తీరిగ్గా రాస్తా, పొయ్యి మీద పులుసుంది.

పిల్లల వార్డు అక్క:

నేను పద్దెనిమిదేళ్ళుగా పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని. మీరు చెప్పినదాన్ని మేం బ్రెత్ హోల్డింగ్ స్పెల్ అంటాం. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ లోపు పిల్లల్లో వస్తుంది. కోపం వచ్చో, దెబ్బ తగిలో, భయపడో గట్టిగా ఏడ్చి ఊపిరంతా బయటికి వదిలేస్తారు, లోపలికి తీసుకోవడం అక్కడ ఆగిపోతుంది. తుమ్ము మనం కావాలని తుమ్ముతామా, ఇదీ అంతే, వాడి ప్రమేయం లేదు. మామూలుగా నిమిషం లోపే ఊపిరి దానంతటదే వస్తుంది, మెదడుకి ఏం కాదు.

ఆ టైములో చెయ్యాల్సింది చాలా తక్కువ. చాప మీదో మంచం మీదో పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల గోడకో మంచం కోడుకో తగలకుండా చూడండి, గడియారం చూసుకోండి. ఊపెయ్యడం, నీళ్ళు కొట్టడం, నోట్లో వేలు పెట్టడం, ఉల్లిపాయలు, ఇవేవీ వద్దు. నిమిషం దాటినా, ఊపిరి వచ్చాక కూడా మనిషిలోకి రాకపోయినా 108కి ఫోన్ చెయ్యండి.

అయినా ఇంతవరకు డాక్టరుకి చూపించకపోతే ఈ వారమే చూపించండి. మూర్ఛా ఇదా అని చూసి తేల్చాల్సింది వాళ్ళే. ఇంకోటి, ఏడుపు లేకుండా పరిగెడుతూనో ఆడుతూనో పడిపోయినా, నీలంగా కాకుండా పాలిపోయినట్టు తెల్లగా అయినా ఆ మాట తప్పకుండా చెప్పండి, అప్పుడు గుండెకి ఈసీజీ తీయిస్తారు.

ఒకటి అడుగుతా, బాబు రోజుకి పాలు ఎన్ని తాగుతాడు? టీ ఏమైనా ఇస్తున్నారా? మట్టి, సుద్ద తింటాడా? మాటలు ఎన్ని వచ్చాయి?

కాలవగట్టు అమ్మ:

అక్కా థ్యాంక్స్, నిమిషం లోపే వస్తుంది అన్న మాట అత్తగారికి రెండుసార్లు చదివి వినిపించా. పాలు గేదె పాలండి, నాలుగైదు సీసాలు, ఒక్కోటి పావు లీటరు. అన్నం నాలుగు ముద్దలు తింటే గొప్ప. టీలో బిస్కెట్ ముంచి తాతయ్య పెడతారు పొద్దున సాయంత్రం. మట్టి అంటే, గోడ పెచ్చులు గీకి నోట్లో పెట్టుకోవడం నేనే రెండుసార్లు చూశా, ఆటలో పెట్టుకున్నాడనుకున్నా. మాటలు బాగానే వచ్చు, "నాన్న కాల్", "అమ్మ రా", ఇలా రెండేసి కలుపుతాడు.

పిల్లల వార్డు అక్క:

మాటలు వయసుకి సరిపోయాయి, దాని గురించి బెంగ వద్దు. నా అనుమానమంతా రక్తం మీద. లీటరు పైన పాలు తాగితే అన్నానికి చోటెక్కడిది? పాలల్లో ఐరన్ దాదాపు ఉండదు, టీ ఏమో తిన్నదాంట్లో ఉన్న ఐరన్ కూడా ఒంటికి పట్టనివ్వదు. గోడ పెచ్చులు తినడం కూడా చాలాసార్లు ఐరన్ తక్కువై చేసేదే. ఐరన్ తక్కువున్న పిల్లల్లో ఈ గుక్క ఎక్కువ వస్తుంది, మందు వాడాక చాలామందికి బాగా తగ్గుతుంది. హిమోగ్లోబిన్ టెస్ట్ చేయించండి, ఈ వయసులో 11 కంటే తక్కువుంటే రక్తహీనతే.

ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వేస్తున్నారా? 2018లో అనీమియా ముక్త్ భారత్ అని రక్తహీనత తగ్గించే ప్రభుత్వ పథకం వచ్చాక ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకి వారానికి రెండుసార్లు 1 ఎమ్ఎల్ ఇస్తారు, అందులో 20 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. మా ఊళ్ళల్లో ఆ సీసా చాలా ఇళ్ళల్లో ఫ్రిజ్ మీద దుమ్ము పట్టి కనపడుద్ది, మూత కూడా తియ్యరు. కానీ అది రాకుండా కాపాడే డోసు. రక్తం తగ్గిపోయాక ఎంత వెయ్యాలో బరువు చూసి డాక్టరు చెప్పాలి, మీ అంతట మీరు పెంచకండి.

పాలు రోజు మొత్తం మీద అర లీటరు లోపుకి తెచ్చెయ్యండి, సీసా మానిపించి గ్లాసుతో పట్టండి. గుడ్డు, చేప, కార్జం, తోటకూర పప్పు, ఏది తింటే అది, పక్కన జామకాయ ముక్కో నిమ్మరసమో ఉంటే ఐరన్ ఇంకా బాగా పడుతుంది.

పాలకొల్లు పిన్ని:

వచ్చేశా. రక్తం సంగతి అక్క చెప్పింది, నేను ఇంటి సంగతి చెబుతా.

మా రెండోది గుక్క పట్టేది కాదు గానీ వాంతి చేసుకునేది. ఏడ్చి ఏడ్చి భళ్ళున కక్కేది, కక్కగానే మా అత్తగారు చీర కొంగుతో మూతి తుడిచి కొట్టుకి ఎత్తుకెళ్ళి చాక్లెట్ కొనిచ్చేది. అది కావాలని కక్కిందని నేను ఇప్పటికీ అనను, రెండేళ్ళ పిల్లకి అంత ప్లాను ఎక్కడిది. కానీ కక్కితే చాక్లెట్ వస్తుందని దాని బుర్రకి ఎక్కింది, ఎక్కించింది మేమే. మా ఇంట్లో అప్పుడు నలుగురం పెద్దవాళ్ళం, నేను కాదంటే నాన్న దగ్గరికి, నాన్న కాదంటే నానమ్మ దగ్గరికి, ఏ తలుపు తడితే తెరుచుకుంటుందో దానికి తెలుసు. మీ బూరల కథ చదివితే అదే గుర్తొచ్చింది. ఒకటి అడిగినోడికి ఊపిరి ఆగాక మూడొచ్చాయి!

అలాగని పేచీ పెట్టినప్పుడు గదిలో పెట్టి తలుపేసి వదిలెయ్యమని నేను చెప్పను, అలా చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మా దాన్ని ఒకరోజు బస్టాండులో, నడిరోడ్డు పక్కన వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటుంటే, జనమంతా చూస్తుంటే, నేను కూడా చీర దోపుకుని దాని పక్కనే కింద కూర్చున్నా. ఏమీ అనలేదు. ఒక చెయ్యి దాని పొట్ట మీద వేశా, తోసేసింది, తీసేశా. కాసేపయ్యాక "బుజ్జికి కోపం వచ్చింది, ఐస్ కావాలి, అమ్మ కొనలేదు" అని మెల్లిగా అన్నా. ఇంకా గట్టిగా ఏడ్చింది. మళ్ళీ అదే మాట అన్నా. మూడోసారికి ఎక్కిళ్ళు పెడుతూ "అమ్మ కొల్లేదు" అని నాకే చాడీ చెప్పింది, వచ్చి ఒళ్ళో పడింది. ఐస్ కొనలేదు. బస్సు మాత్రం పోయింది, తర్వాతది గంటకి.

ఏడుస్తున్నప్పుడు నీతులు చెప్పకు, వాళ్ళకి చెవికెక్కవు. తగ్గాక కూడా ఒక్క ముక్కే. కొరికితే "కొరకకూడదు, నొప్పి" అంతే, నవ్వకూడదు, మీ ఇంట్లో ఎవరో ఒకరు నవ్వే ఉంటారు చూసుకో.

ఇంకోటి. "వద్దు" అనే మాట రోజుకి ఎన్నిసార్లు అంటున్నావో ఒక పూట లెక్కపెట్టు. సగం చోట్ల దాని బదులు వేరేది చెప్పొచ్చు, ఎర్ర చొక్కా వేసుకుంటావా పచ్చ చొక్కానా, నువ్వే నడుస్తావా ఎత్తుకోనా. స్నానం ఆపాలంటే ఐదు నిమిషాలు అంటే వాళ్ళకేం తెలుసు, "ఇంకో మూడు చెంబులు" అని లెక్కపెట్టి పోసి ఆపెయ్యి.

చంటోడి తాత, తణుకు:

నేను రిటైర్డ్ టీచర్ని. తాతల తరఫున ఒక మాట చెప్పుకోనివ్వండి. మేం ఎందుకు ఇచ్చేస్తామంటే, మా పిల్లల్ని పెంచేటప్పుడు మాకు టైము లేదు, ఇప్పుడు మనవడు ఏడిస్తే అప్పటి బాకీ అంతా గుర్తొస్తుంది. పైగా కొడుకు దేశం కాని దేశంలో ఉంటే, వాడి బిడ్డకి ఏమన్నా అయితే ఏం సమాధానం చెప్పాలి అన్న భయం మీ అత్తగారిది. ఆవిడతో వాదించొద్దమ్మా, డాక్టరు దగ్గరికి ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళు. నువ్వు చెబితే కోడలి మాట, డాక్టరు చెబితే మందు.

కాలవ విషయంలో పిల్లాడి తప్పు వెంట్రుకవాసి కూడా లేదు. మే నెలలో రోజూ తాతే దింపిన చోటుకి జులైలో వెళ్ళకూడదంటే వాడికి ఎలా అర్థమవుద్ది? మనకి అది నీళ్ళు, వాడికి అది తన ఇసుక మీద ఎవరో కప్పేసిన దుప్పటి. ఎంత చెప్పినా, ఎంత భయపెట్టినా ఈ వయసులో నమ్మకూడదు. బూచోడున్నాడు, మొసలుంది అంటే చీకట్లో పడుకోడానికి భయపడతాడు గానీ పట్టపగలు కాలవ దగ్గరికి వెళ్ళడం మానడు. కాలవ గట్టున బతికినవాళ్ళం, చంటిపిల్లలు నీళ్ళల్లో పడితే కేక కూడా వినపడదని మనకి తెలుసు. కాబట్టి అడ్డు ఒకటే మార్గం. వీధి వైపు వెదురు తడిక కట్టించండి, గొళ్ళెం పైన, బయట వైపు. ఇది రేపే.

తర్వాత మీ మావయ్యగారికి నా మాటగా చెప్పు. ఆ ఇసుక రెండు తట్టలు తెప్పించి దొడ్లో కొబ్బరి చెట్టు మొదట్లో పోయించి, ఆ కొబ్బరి చిప్పే వాడి చేతికిచ్చి, రోజూ అదే టైముకి ఆయనే పక్కన కూర్చోవాలి. వాడికి కావాల్సింది కాలవ కాదు, తాతతో ఇసక. కాలవ చూపించాలంటే ఎత్తుకునే, గట్టు పైనుంచే.

మస్కట్ నాన్న:

అన్నీ చదివాను, ఎవరూ ఫోన్ గురించి అనలేదు కాబట్టి రాస్తున్నా. మా పాపకి మూడేళ్ళు, నర్సాపురం దగ్గర ఉంటారు. ఫోన్ అంటే నీకు స్క్రీన్ అక్కా, వాడికి నాన్న అందులో ఉంటాడు. మా పాప ఒకసారి జంతిక తెచ్చి స్క్రీన్ మీద నా నోటి దగ్గర పెట్టి "తిను" అంది, తిన్నట్టు నటించా, తర్వాత బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చా. కాల్ కట్ చేసినప్పుడు వాళ్ళకి ఏమనిపిస్తుందో ఆలోచించండి.

మేం చేసింది ఏంటంటే రాత్రి కాల్ మానేశాం. కువైట్‌కి మనకి రెండున్నర గంటలు తేడా, అక్కడ పొద్దున ఐదున్నర అంటే మీకు ఎనిమిది. డ్యూటీకి వెళ్ళే ముందు పది నిమిషాలు మాట్లాడమనండి, శుక్రవారం సెలవైతే ఎక్కువసేపు. కట్ చేసేది పాపే, ఎర్ర బటన్ దానితోనే నొక్కిస్తాం, ముందు మూడు ముద్దులు, తర్వాత బటన్. మొదటి వారం నొక్కనని ఏడ్చింది.

పిల్లల వార్డు అక్క:

మంచి మాట చెప్పారు. డబ్ల్యూహెచ్ఓ 2019లో ఇచ్చిన సలహా కూడా ఇదే వయసు వాళ్ళకి స్క్రీన్ రోజుకి గంట దాటొద్దని, నిద్ర పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు ఉండాలని. నాన్నతో మాట్లాడే పది నిమిషాలకి నేనైతే లెక్క వెయ్యను, అన్నం తినేటప్పుడు పెట్టే బొమ్మల వీడియోలే ఆపాల్సింది. రాత్రి పదకొండింటికి పడుకునేవాడికి సాయంత్రం పేచీ రాకపోతేనే ఆశ్చర్యం.

కాలవగట్టు అమ్మ:

మూడు వారాలైంది, చెప్పినవాళ్ళందరికీ అప్‌డేట్.

హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది. డాక్టరు గారు మూర్ఛ కాదన్నారు, ఐరన్ మందు రాశారు, కొన్ని నెలలు వాడాలట. మందు మొదలెట్టాక విరేచనం నల్లగా వస్తే అత్తగారు మళ్ళీ కంగారు, అది మామూలే అని డాక్టరు ముందే చెప్పారు కాబట్టి బతికిపోయా. ఆవిణ్ణి తీసుకెళ్ళమన్న తాతగారికి దణ్ణం. గదిలో ఆవిడే ప్రశ్నలన్నీ అడిగారు. తాయెత్తు కూడా కట్టారు, ఉంది మొలతాడుకి.

పాలు రెండు గ్లాసులకి వచ్చాయి, సీసా కోసం నాలుగు రాత్రులు నరకం చూపించాడు. ఐదో రోజు ముద్దపప్పు అన్నం తనే అడిగాడు. టీ బిస్కెట్ మాత్రం తాతయ్య చాటుగా ఒకటి పెడుతున్నారని నాకు తెలుసు, మూతికి అంటి ఉంటుంది.

గుక్క ఒకసారి వచ్చింది, పోయిన గురువారం, అన్నం దగ్గర ఫోన్ ఇవ్వలేదని. చాప మీద పక్కకి తిప్పి పడుకోబెట్టా. అత్తగారు చెంబు ఎత్తుకుని వచ్చి, నన్ను చూసి, చెంబు కింద పెట్టేసి గోడ గడియారం కేసి చూస్తూ నిలబడ్డారు. చేతులు వణుకుతున్నాయి ఆవిడకి. ఇరవై సెకన్లట, తర్వాత ఆవిడే చెప్పారు. ఊపిరి వచ్చాక ఎత్తుకుని తిప్పారు గానీ ఫోన్ ఇవ్వలేదు. నేను ఆవిడ దగ్గర అంతవరకు ఊహించలేదు.

కాల్ పొద్దునకి మార్చాం, ఇప్పుడు తొమ్మిదిన్నరకి పడుకుంటున్నాడు. బటన్ ఇంకా నొక్కడు, వాళ్ళ నాన్న చేత నొక్కించుకుంటున్నాడు. కొరకడం తగ్గింది, పోలేదు.

దొడ్లో ఇసుక పోయించారు. మావయ్యగారు మొదట ఒప్పుకోలేదు, తడిక కట్టించిన రోజు మాత్రం ఆయనే రేవు దాకా వెళ్ళి ఆ మెట్టు మీద కాసేపు నిలబడి వచ్చారు, ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు సాయంత్రం ఐదయ్యేసరికి ఇద్దరూ కొబ్బరి చెట్టు కింద ఉంటారు.

ఒక్క డౌటు. తడిక నడుం ఎత్తు పెట్టించాం, నిన్న అడ్డబద్ద మీద కాలేసి సగం దాకా ఎక్కేశాడు. ఇంకా ఎత్తు పెంచాలా?

రాజోలు కుర్రోడు:

ఎత్తు పెంచినా ఎక్కుతాడండే, అడ్డబద్దలు లోపల వైపు ఉంటే అది వాడికి నిచ్చెనే. విప్పి తిప్పి కట్టించండి, బద్దలు కాలవ వైపు రావాలి, లోపల అంతా నిలువు వెదురే ఉండాలి, సందు వాడి కాలు పట్టనంత. కింద కూడా జానెడు ఖాళీ వదలకండి. మా మేకపిల్లకి అలాగే కట్టాం, ఆయ్.